మగ్గులో మిగిలిన గుక్క

జనవరిలో లద్దాఖ్‌లోని ఫీల్డ్ ఆసుపత్రి ముందు ట్రక్కు దిగాను. మైనస్ ఇరవై. రెండు జతల మేజోళ్ళు, మందపాటి కోటు. అయినా పళ్ళు టకటకలాడాయి. సైన్యంలో నర్సుగా నా మొదటి పోస్టింగు అది. పిల్లలూ, మొన్న ఫోనులో "చర్చిలో బల్ల తీసుకోవడం అంటే ఏంది అవ్వా?" అని అడిగారు కదా. నాకు తెలిసింది అక్కడే.

మా వార్డు పెద్ద కెప్టెన్ సిస్టర్ మన బళ్లారి మనిషే. బ్రూస్‌పేట.

"ఏ ఊరు మే?"

"సిరిగేరి, మేడం."

"ఓ. మీవోళ్లు చర్చిలో యాడ కూచుంటారో నాకు తెలుసులే."

తెలియకేం. మా అమ్మ వరి నాట్ల కూలీ. మేం వెనక చాపల మీద కూర్చునేవాళ్ళం. బల్ల దగ్గర ప్రభువు పేరున రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇచ్చేవాళ్ళు, అందరికీ ఒకటే గిన్నె. మా నోళ్ళు తగలకముందే ముందు బెంచీల వాళ్ళు తాగేసేవాళ్ళు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అందరికీ తెలిసిన వరస.

ఫిబ్రవరిలో మిజోరం నుంచి వచ్చిన ఒక ఆర్మీ డ్రైవరును స్ట్రెచర్ మీద తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు. మంచు తుపాను, హెలికాప్టర్ రాదు. అతను బల్ల అడిగాడు. కనుమ మూసుకుపోయి పాద్రీ కిందనే చిక్కుకున్నాడు. సిగ్నల్ హవల్దార్ రేడియో సెట్టు వార్డులోకి మోసుకొచ్చాడు.

"ప్రార్థన నేను చదువుతాను. అక్కడ క్రైస్తవులు ఎందరు? ఓవర్" అని రేడియోలో పాద్రీ.

"ముగ్గురు, పాద్రీ సాబ్. ఓవర్."

వంటవాడు కిస్‌మిస్ నానబెట్టి పిండిన రసం స్టీలు మగ్గులో ఇచ్చాడు. ఒక చపాతీ కూడా.

"నువ్వొక్కడివే తీసుకో, చాలు" అంది కెప్టెన్.

డ్రైవరు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపాడు. "ఒక్కడినే తాగితే అది మందు, సిస్టర్. బల్ల కాదు."

పాద్రీ చదివాడు. చపాతీ మూడు ముక్కలైంది. మగ్గు చేతికి రాగానే కెప్టెన్ తనే మొదట తాగేసింది, చావుబతుకుల్లో ఉన్న మనిషి ఎదురుగా ఉండగా. అలవాటు. తర్వాత డ్రైవరు. చివర నేను. అడుగున ఒక గుక్క మిగిలిందని హవల్దార్ రేడియోలో పాద్రీకి చెప్పాడు.

"మిగిలింది పారబోయకూడదు. మొదట తాగినవాళ్ళే ముగించాలి. ఓవర్."

కెప్టెన్ నా వైపు చూసింది. "నువ్వే తాగేయ్ మే."

"మొదట తాగింది నేను కాదు, మేడం."

ఆమె జేబురుమాలు తీసి, మగ్గు అంచుకు నా పెదవులు తగిలిన చోట తుడిచింది. మళ్ళీ తుడిచింది.

"అక్కడ నా నోరు కూడా తగిలింది, సిస్టర్" అన్నాడు డ్రైవరు.

ఆమె మగ్గును కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

"ముగిసిందా? ఓవర్" అని రేడియో అడుగుతోంది. హవల్దార్ నన్ను చూశాడు. నేను డ్రైవరు మాస్కు సరిచేశాను.

మర్నాడు డ్రైవరు పోయాడు.

సర్వీసు ముగిసి బళ్లారిలో ఈ కౌల్ బజార్ ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు మన చర్చిలో మనిషికొక బుడ్డ గాజు కప్పు ఇస్తున్నారు. శుభ్రమట. పోయిన ఆదివారం నా పక్కనున్నామె కప్పు అందిస్తూ చెప్పింది.

"తీసుకోక్కా. నీది నీకే ఉండాది. ఎవరి ఎంగిలీ కాదు."

తీసుకోలేదు. లేచి వచ్చేశాను. ఎంగిలి కాకపోతే అది బల్ల ఎట్లా అవుతుంది, బంగారూ?

కళ్ళు మూస్తే ఆ కిటికీ గట్టే. మగ్గు అడుగున నల్లగా గడ్డకట్టిన ఒక్క గుక్క. మాస్కు పైనుంచి దాన్నే చూస్తున్న డ్రైవరు.