కనీసం మీద కూడా బేరం

“కనీసం నాలుగు జీబీ అన్నవ్ గదా బిడ్డా, ఇంక జర తగ్గదా?” అని మట్టెవాడ బట్టల వ్యాపారి నాగభూషణం వినోదను అడిగాడు.

ఊళ్ళలోని దుకాణదారులు ఆయనకు ఆర్డర్లు పెట్టే యాప్‌ను హనుమకొండలోని ఇంట్లోంచే నడిపేది వినోద. ఒకటి ఆగినా పని ఆగకుండా మూడు సర్వర్లను జతకట్టాలనీ, ఒక్కొక్కదానికి నాలుగు జీబీ మెమరీ ఉండాలనీ ఆమె చెప్పింది. చెప్పిన ధరకు కొనడం నామోషీ అనుకునే నాగభూషణం ఒక్కో జీబీవి మూడు తీసుకున్నాడు. పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్లు పడితేనే ఆమెకు ఎనిమిది వేల ఫీజు అన్నాడు. కస్టమర్ దేవుడంటారు గానీ, దేవుడు ఇంత బేరమాడడు.

సీజన్ మొదటిరోజు యాప్ లేవలేదు.

“మూడు సర్వర్లున్నయ్, నా యాప్‌కు జాగ లేదా?”

“లేదు సేటూ. వాటిని జతగ నడిపే సాఫ్ట్‌వేరే జాగంత తిన్నది. దుకాణం నిండ వాచ్‌మెన్లే కూసుంటే బట్టలెక్కడ పెడ్తవ్?”

“ఇద్దర్ని లేపరాదు?”

“లేపితే షట్టర్ తీసేటోడుండడు.”

మధ్యాహ్నానికి నాగభూషణం దిగివచ్చి నాలుగు జీబీలవి తీసుకున్నాడు. సాయంత్రానికి నలభై ఆర్డర్లు పడ్డాయి. పొద్దున పోయిన బేరాలకని ఫీజులో రెండు వేలు పట్టుకున్నాడు. ఆ రెండు వేలు ఆయన వినోదకు ఇంకా ఇవ్వాలి.