వీపు మీద పసుపు చెయ్యి

నిజామాబాద్‌లో ఒక పసుపు గోదాములో గుమస్తాగా చేరిన కొత్తలో జరిగిందిది. సూపర్‌వైజర్ నా వెనక నుంచి వెళ్లినప్పుడల్లా వీపుకు చెయ్యి తగిలేది. కావాలనా, ఇరుకు వల్లా? ‘బహుశా నా అనుమానమే’ అని రోజూ డైరీలో రాసుకునేదాన్ని.

ఒకరోజు తెల్ల డ్రెస్ వేసుకున్నాను. పసుపు కొమ్ములు ఏరే లక్ష్మవ్వ యజమాని ముందే అరిచింది.

“బిడ్డా, నీ వీపు మీద గా పసుపు చెయ్యి ఎవలది?”

సూపర్‌వైజర్ నవ్వాడు. “గీడ అందరి చేతులు పసుపే గదా అవ్వా!”

“మేమందరం ఆడోళ్లం సారూ. గింత పెద్ద చెయ్యి ఎవలకున్నది? నీది సూపియ్యి, కొలుద్దాం!”

అతను గబుక్కున చేతులు జేబుల్లో దాచుకున్నాడు. యజమాని అతన్ని ఆ రోజే పనిలోంచి తీసేశాడు.

ఆ రోజు డైరీలో మొదటిసారి ‘బహుశా’ లేకుండా రాశాను.