జెర్రీక్యాన్ల నారాయణఖేడ్

నేను సరిహద్దు కొండల మీది ఫౌజు పోస్టుకు చేరిన రోజు అక్కడ ఉన్నవి: ఎనిమిది మంది మనుషులు, రెండు బంకర్లు, ఒక రేడియో సెట్టు, వారానికోసారి ఇంటికి మాట్లాడే ఒక శాటిలైట్ ఫోను, రెండు ఆక్సిజన్ సిలిండర్లు, ఒక పెట్రోలు జీపు. ఎత్తు పదమూడున్నర వేల అడుగులు. మధ్యాహ్నం రెండు గంటలకు సున్నా కంటే ఆరు డిగ్రీలు తక్కువ. నేను తొమ్మిదోవాణ్ని. హవల్దార్ అడిగితే చెప్పాను: రేడియో ఆపరేటర్, పాలిటెక్నిక్ డిప్లొమా, ఊరు నారాయణఖేడ్.

జీపు కింద పడుకుని ఏదో బిగిస్తున్న మనిషి తల బయటపెట్టాడు.

"నారాయణఖేడ్ల ఏ గల్లి?"

అతను డ్రైవర్. సొంతూరు కంగ్టి. ఫౌజుకు రాకముందు మా ఊరికీ వాళ్ల ఊరికీ మధ్య ఆటో నడిపేవాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆ రోజు నుంచి అతను నాకు అన్న, నేను తమ్మి.

పోస్టుకు ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. రెండో అతను సెలవు మీద దిగిపోయాడు. మంచు మొదలైతే బదులు మనిషి రాడు. ఎవరికైనా జబ్బు చేస్తే పదకొండు కిలోమీటర్ల దిగువన ఉన్న వైద్య శిబిరానికి చేర్చే బండి అదొక్కటే. అందుకని హవల్దార్ ఆదేశం ఇచ్చాడు: ఆపరేటర్ బండి నేర్చుకోవాలి. గడువు రెండు వారాలు.

క్లచ్ గురించి నాకు తెలుసు. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు, వాటి నడుమ రాపిడి పలక. కాగితం మీద బొమ్మ గీసి అన్నీ గుర్తించి చూపించాను. డ్రైవర్ శ్రద్ధగా చూశాడు.

"మంచిగున్నది తమ్మి. ఇగ దీన్ని నీ ఎడమ కాలుకు సూపెట్టు."

బంకర్ల వెనక కొంచెం చదును ఉంది. అక్కడ పెట్రోలు తెచ్చే రేకు డబ్బాలు, ఖాళీ జెర్రీక్యాన్లు, నిలబెట్టి మా ఊరు కట్టాడు. చొట్టపడిన క్యాను బస్ డిపో. జంటగా పెట్టిన రెండు అంగడి. తుప్పుపట్టిన డ్రమ్ము కంగ్టి మలుపు. మూడో రోజు నేను డిపోను గుద్దాను.

"ఏంది తమ్మి, డిపోనే కూలగొట్టినవ్! బస్సులల్ల కూసున్నోళ్లు ఇంటికెట్ల పోవాలె?"

వంటవాడికి తెలుగు రాదు. అతనూ నవ్వాడు.

ఇంజిన్ ఆగిపోతూనే ఉండేది.

"తేలు కుట్టినట్టు కాలు గుంజుతవేంది? నిమ్మళంగ ఇడువు. సగానికొచ్చినంక బండి ఒణుకుతది. ఆడ ఆగు."

"ఏడ ఒణుకుతదో ముందుగాల ఎట్ల తెలుస్తదన్నా?"

"నీకు తెల్వది. కాలుకు తెలుస్తది."

రెండు వారాలకు చదునులో డిపో చుట్టి, అంగడి దాటి, కంగ్టి మలుపు తిరగగలిగాను. ఒక పాఠం మిగిలింది: చడావు మీద, అంటే ఎక్కుడు దారిలో, ఆగిన బండిని మళ్లీ ముందుకు కదిలించడం. "రేపు నేర్పుత" అన్నాడు. అన్నప్పుడు దగ్గుతున్నాడు. జలుబు అనుకున్నాం.

తెల్లారేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లు గుడగుడమన్న చప్పుడు. నర్సింగ్ అసిస్టెంట్ వీపు మీద చెవి పెట్టి విన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, వెంటనే కిందికి దించాలి అన్నాడు. నేను సెట్టు అందుకుని కింది శిబిరాన్ని పిలిచాను.

"హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"మబ్బు కదలడం లేదు. బండిలో దించండి. ఓవర్."

"రోగి డ్రైవరే. ఓవర్."



"ఇంకెవరికైనా నడపడం వచ్చా? ఓవర్."

హవల్దార్ నా వైపు చూశాడు.

ఆరూ నలభైకి బయలుదేరాం. పడుకోబెడితే ఊపిరి ఆడటం లేదని డ్రైవర్‌ని నా ఎడమ పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాం. మొహానికి ఆక్సిజన్ మాస్కు. వెనక సిలిండర్లతో నర్సింగ్ అసిస్టెంట్. దిగుడు మీద మొదటి గేరులో బండి తనంతట తానే పోయింది. నాలుగో కిలోమీటరు దగ్గర దారి ఒక గుట్ట భుజం మీదికి ఎక్కి మళ్లీ దిగుతుంది. ఆ చడావు మధ్యలో రాళ్లు జారిపడి ఉన్నాయి. ఆపక తప్పలేదు. నర్సింగ్ అసిస్టెంట్ దిగి రాళ్లు తీశాడు. ఒకటి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టాడు. ఎడమ వైపు లోయ.

కదిలించబోయాను. ఇంజిన్ ఆగింది. బండి జానెడు వెనక్కి జారి రాయికి ఆనింది.

డ్రైవర్ కళ్లు మూసే ఉన్నాయి. మాస్కులోంచి మాట వచ్చింది.

"డిపో దాటినమా?"

"దాటినం అన్నా."

"కంగ్టి తొవ్వ పట్టు."

హ్యాండ్‌బ్రేక్ లాగి, మళ్లీ స్టార్ట్ చేసి క్లచ్ నొక్కాను. అప్పుడు చూశాను. అతని ఎడమ బూటు కూడా నొక్కింది. అక్కడ పెడల్ లేదు. ఉత్త రేకు. బూటు మెల్లగా లేచి సగంలో ఆగింది. నా కాలు అప్పటికే పైకి వచ్చేసింది. ఇంజిన్ ఆగింది. మూడోసారీ అంతే. అతని బూటు సగంలో ఉంది, నాది దాటిపోయింది.

నాలుగోసారి దారి చూడలేదు. ఆ బూటునే చూశాను. అది లేచినంతే లేపాను. అది ఆగిన చోట ఆపాను. జీపు వణికింది. హ్యాండ్‌బ్రేక్ దించాను. జీపు ముందుకు కదిలింది. నర్సింగ్ అసిస్టెంట్ పరుగెత్తి వెనక ఎక్కాడు.

గుట్ట పైన గేరు మార్చడానికి క్లచ్ నొక్కాను. బూటు నాతోపాటు నొక్కింది. నేను కాలు తీశాను. అది లేవలేదు.

నర్సింగ్ అసిస్టెంట్ ముందుకు వంగి అతని మెడ మీద వేళ్లు పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

"నడుపు. ఆపకు."

నడిపాను. శిబిరంలో డాక్టర్ ఎక్కువసేపు చూడలేదు.

సర్వీసు ముగిసి నారాయణఖేడ్‌లో బస్సు దిగాను. డిపో, అంగడి, కంగ్టి మలుపు. అన్నీ అతను పెట్టిన వరసలోనే ఉన్నాయి. వారం తర్వాత మా మామ కారు తీసుకుని కంగ్టికి పోయాను. అతని తల్లి వాకిట్లో కందులు చెరుగుతోంది.

"నీకు బండి నేర్పిండంట గద బిడ్డా. ఫోన్ల చెప్తుండె."

"నేర్పిండమ్మా."

"డిపో గుద్దింది నువ్వేనా?" అని నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "మరి వచ్చిందా?"

కారు ఆమె ఎదురుగానే ఉంది. వచ్చిందన్నాను. 

ఇప్పుడు రోజూ ఆ కారు నడుపుతాను. డిపో ముందు గేరు మార్చేటప్పుడు చూపు ఎడమ సీటు ముందరి రబ్బరు చాప మీదికి పోతుంది.

నేను చూసినంతలో ఆ బూటు నాలుగుసార్లు నొక్కింది. మూడుసార్లు లేచింది.