మొదటి తన్ను

సిరోంచ రేవులో ఆగమ్మ నోరు లేస్తే ప్రాణహిత అవతలి గట్టుకు వినపడేది. అంకిస నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె చేపలమ్మింది, వలలు అల్లింది, మొగుణ్ణి తిట్టింది. గయ్యాళి అన్నవాళ్లు లస్మయ్యతో ఒక్క పూట వేగి చూడాలి. పడవ నడిపే మనిషి, ఇప్పసారా తాగి, కుడిచేతిని పడవ అంచు మీద వేలాడేసి పొద్దెక్కేదాకా పడుకున్నాడు. లేచేసరికి మణికట్టు కింద చెయ్యి వాడిన తోటకూర కాడలా వేలాడింది.

గోదావరి మీద పొగపడవలు నడుపుతామని దొరలు మొదలుపెట్టిన పని మూలపడిన ఏడాది అది. ఎక్కడా కూలి లేదు. వాళ్లకున్న ఆధారం ఆ పడవే, అది కూడా రేవు గుత్తేదారుది.

"పున్నం దాక చూస్త. లస్మయ్య గడ పట్టకపోతే పడవ ఇంకో పడవోడు సాంబన్నకిస్త" అని గుత్తేదారు తేల్చేశాడు.

సర్కారు దవాఖానలో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో రాగితీగ చుట్టిన ఇనుపకడ్డీ, పక్కన ఘాటు నీళ్ల జాడీ, బయటికి రెండు ఇత్తడి పిడులు. పడిపోయిన చేతులను లేపుతుందట. ఊరు మాత్రం దానికి తన్నుల పెట్టె అని పేరు పెట్టింది.

"మీట వెయ్యంగనే ఒక్కసారి గట్టిగ తంతది బాయి" అన్నాడు కంపౌండర్ బాబురావు. "లోపటి ఇనుము నిద్ర లేస్తది గద, ఒక్క గుక్కల మస్తు గుంజుతది. ఇగ తర్వాత చీమలు పాకినట్టే. ఆ చీమలే మందు."

లస్మయ్య చీమల దాకా వెళితే కదా! మీట పడగానే "సస్తిరో" అని అరిచి, పిడి వదిలేసి వరండాలోకి ఉరికేవాడు. ఆగమ్మ రెక్క పట్టి లాక్కొచ్చేది. మళ్లీ మీట, మళ్లీ తన్ను, మళ్లీ వరండా. వదిలిన ప్రతిసారీ కొత్తగా మీట వేయాలి, వేసిన ప్రతిసారీ మొదటి తన్నే తగులుతుంది. మందు చుక్క ఒంటబట్టకుండా వట్టి తన్నులు తినే రోగిని ఏ దవాఖాన బాగుచేస్తుంది?

"ఇడువకు అంటే ఇడుస్తవేందయ్యా!"

"తన్నులు తినేది నేను. నీకేమెర్క?"

"మొసళ్ల మడుగుల గడేస్తవు, గీ పెట్టెకు పరేషానా?"

పున్నమి దగ్గరపడుతుంటే ఆమెకు నిద్ర పట్టలేదు. అన్నం గురించిన భయం కోపంగానే బయటికొచ్చేది, ఆమెకు వేరే దారి తెలియదు. మర్నాడు దవాఖానలో ఒక పిడి తాను పట్టుకుంది. రెండోది లస్మయ్య ఎడమచేతిలో పెట్టింది. పడిపోయిన అతని కుడిచేతిని తన ఎడమచేత్తో బిగించింది.

"బాయి, గిది పద్ధతి కాదు" అన్నాడు బాబురావు.

"మీటేస్తవా, నేనెయ్యాల్నా?"

అతను వేశాడు.

అరికాలు నుంచి మాడు దాకా ఒక్క ఊపు ఊపింది. ఆగమ్మ బాబురావును, పెట్టెను, దాన్ని చేసినవాణ్ణి, వాడి తాతను తిట్టింది. వదిలేయాలని ఆమెకూ అనిపించింది. పాపం, ఇన్నాళ్లూ ఇదా ఇతను తింటున్నది అని మొదటిసారి జాలేసింది. కానీ వదల్లేదు. ఆమె వదలకపోయేసరికి పిడి వదిలి పారిపోవడానికి అతనికీ మొహం చెల్లలేదు. అంతలో తన్ను సర్దుకుంది. చేతుల వెంట సన్నగా చీమలు పాకాయి.

"గింతేనా?" అన్నాడు లస్మయ్య.

"గింతే! గీ గింతకే నా పానం తీస్తివి!"

అదే తిట్టు బాబురావు మీట తీసేదాకా సాగింది. రేవులో చేపల గంప ఎండలో ఉందని గుర్తొచ్చి ఆగమ్మ పిడి బల్ల మీద పెట్టి, ఎడమచేయి లాక్కుంది. రాలేదు.

"ఇడువయ్యా, కంపౌండర్ సాబు చూస్తుండు."

లస్మయ్య తన కుడిచేతినే చూస్తున్నాడు. ఆమె కూడా చూసింది. తాను ఎప్పుడో పట్టు సడలించింది. పెట్టె ఆగిపోయింది. అయినా అతని వేళ్లు, పసివాడి వేళ్లంత బలహీనంగా, ఆమె వేళ్లను పట్టుకునే ఉన్నాయి.

ఆగమ్మ ఇంకో తిట్టుకు నోరు తెరిచింది.

"ఇడువకు" అంది.