రైఫిలు పెట్టె మీద జోగమ్మ అక్షరాలు

మా జోగమ్మత్త ఇంట్లో రాత లేని వస్తువు ఉండదు. బియ్యం డబ్బా మీద దాని ఖాళీ బరువు, పట్టే బరువు. కుక్కర్ మీద రబ్బరు మార్చిన తేదీ. ఫ్యాను రెక్క మీద మళ్లీ ఎప్పుడు దించి తుడవాలో ఆ తేదీ. ఎవరికైనా గొడుగు ఎరువిస్తే దాని పిడి మీద తెల్ల రంగుతో ఇంగ్లీషులో ‘రిటర్న్ కేజీపీ’ అని ఉంటుంది. కేజీపీ అంటే ఖరగ్‌పూర్‌కి రైల్వేవాళ్లు పెట్టుకున్న పొట్టి పేరు. ముప్పై ఆరేళ్లు వర్క్‌షాపులో గూడ్సు వ్యాగన్ల మీద అక్షరాలు రాసిన మనిషి ఆమె. వ్యాగన్ ఖాళీగా ఎంత తూగుతుందో, ఎంత మోస్తుందో, మళ్లీ రిపేరుకి ఎప్పుడు ఏ ఊరు రావాలో అన్నీ దాని ఒంటి మీదే ఉండాలి. లోపల ఏముందో బయట చెప్పని పెట్టె ఆమె లెక్కలో పెట్టె కాదు, దొంగ.

నేను ఆమె మేనల్లుణ్ణి, గిరిబాబుని. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్ని. పెళ్లికాక ముందు నుంచీ అత్త దగ్గరే ఉంటున్నాను, పెళ్లి ఇంకా కాలేదు కాబట్టి ఇప్పుడూ అక్కడే ఉన్నాను. అత్తకి రెండో రోగం కూడా ఉంది. మూసి ఉన్న ఏ వస్తువు కనిపించినా ‘ఇందులో ఏటున్నాది?’ అని అడగకుండా ఉండలేదు. బస్సులో పక్కవాళ్ల సంచీ, పోస్టుమాన్ కవరు, చివరికి శవాన్ని తీసుకెళ్లే బండి కూడా వదల్లేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు కదా, ఊరంతా ఆమెకి లోకువే.

మా పక్క వాటాలో ఎరిక్ సారు ఉంటారు. ఆంగ్లో ఇండియన్. ఒకప్పుడు ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో అత్తకి ఇరుగుపొరుగు. రిటైరయ్యాక ఇద్దరూ అదే కాలనీ పక్క సందులో ఒకే ఇంట్లో రెండు వాటాలు అద్దెకి తీసుకున్నారు. ఆయన ఇంజన్ డ్రైవరుగా చేశారు. ఇప్పుడు ఎనభై దాటాయి, రెండేళ్లుగా కళ్లు మసకబారి నీడలు తప్ప ఏమీ కనిపించడం లేదు. పెళ్లి చేసుకోలేదు. ఆయనకి ఉన్న ఆస్తల్లా ఒక గ్రామఫోను, ఒక పాయింట్ టూటూ రైఫిలు. దానికి లైసెన్సు ఉంది. వయసులో ఉన్నప్పుడు దానితో గురి పోటీలకి వెళ్లేవారు.

అత్తకి అక్షరాలు నేర్పింది ఆయనే. మామయ్య యార్డులో ప్రమాదంలో పోయినప్పుడు అత్తకి ఇరవై నాలుగేళ్లు. బొబ్బిలి పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చిన మనిషి, బడి మొహం చూడలేదు. ఆ ఉద్యోగం ఆమెకిచ్చి పెయింట్ షాపులో ఖలాసీగా వేశారు. మొదటి జీతం రోజున వేలిముద్ర వేయించుకున్నారు. ఇంటికొచ్చి కుళాయి దగ్గర కూచుని బూడిదతో బొటనవేలు రుద్దుతూనే ఉందట, తోలు ఊడేదాకా. పక్కింటి ఎరిక్ సారు చూసి, “అది పోతుంది జోగమ్మా. లేకిన్ వచ్చే నెల మళ్లీ అంటుకుంటాది” అన్నారట. మర్నాటి నుంచి క్వార్టరు గోడ మీద సుద్దతో అక్షరాలు గీసి ఇచ్చారు. రెండో నెల జీతం అత్త సంతకం పెట్టి తీసుకుంది. ఈ ముక్క ఆమె నాకు వందసార్లు చెప్పింది, వందసార్లూ కళ్లు తుడుచుకుంది.

ఈ ఏడాది మార్చిలో ఒక ఉదయం ఎరిక్ సారు గోడ పట్టుకుంటూ మా వాటాకి వచ్చారు.

“జోగమ్మా, నెలాఖరుకి నా లైసెన్సు అయిపోతాది. ఈ కళ్లకి మళ్లీ ఎవడిస్తాడు? రైఫిలు జెనీకి ఇచ్చేస్తాను. పంపడం ఎలాగో సూడాలి” అన్నారు.

జెనీ ఆయన తమ్ముడి కూతురు. చిన్నప్పుడు ఆయన దగ్గరే గురి నేర్చుకుంది. ఇప్పుడు విశాఖపట్నంలో పిల్లలకి షూటింగు నేర్పుతుంది. ఆమెకీ లైసెన్సు ఉంది, ఈ రైఫిలు తీసుకోవడానికి అనుమతి కూడా తెచ్చుకుంది. కానీ ఆ లైసెన్సు ఆంధ్రా వరకే చెల్లుతుంది. ఇక్కడికి వచ్చి పట్టుకెళ్లడానికి లేదు. ఎరిక్ సారు లైసెన్సు దేశమంతా చెల్లుతుంది గాని ఆయన చూపు గుమ్మం దాటదు. నెలాఖరులోగా పంపకపోతే రైఫిలు పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి. అక్కడ సామాన్లు దాచే మాల్‌ఖానాలో పడ్డ వస్తువు బయటికి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

“అంతేనా? మనూర్నించి రైలెక్కి ఏటేటో ఎల్లిపోతన్నాయి, ఇదెల్లదా?” అని అత్త సంచీ తీసింది.

ఆ రోజు నాకు సెలవు. నా ఖర్మ కొద్దీ వెంట వెళ్లాను. ముందు పోస్టాఫీసు. క్యూలో పదిమంది ఉన్నారు. కౌంటరులో అమ్మాయి పార్సిల్లో ఏముంటుందని అడిగింది. అత్త జీవితమంతా ఇతరులను అడిగిన ప్రశ్న అది. మొదటిసారి తననే ఒకరు అడిగినందుకు మురిసిపోయి, వ్యాగన్లకి వినపడేలా “రైఫిల్!” అంది. క్యూ రెండుగా చీలిపోయింది. కౌంటరమ్మాయి తుపాకులు పోస్టులో వెళ్లవని చెప్పి, పై ఆఫీసరు వైపు చూసింది. లైసెన్సు ఉన్న పెద్దాయన కోసం అడుగుతున్నామని నేను పావుగంట నచ్చజెప్పాల్సి వచ్చింది.

కొరియరు కుర్రాడు వేళాకోళం అనుకుని “దీదీ, మజాక్ మత్ కరో” అని నవ్వాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో అత్తకి తెలిసిన గుమాస్తా మాత్రం టీ తాగించి దారి చెప్పాడు. తుపాకులమ్మే లైసెన్సున్న దుకాణం ద్వారానే పంపమన్నాడు. ఇక్కడి దుకాణం అక్కడి దుకాణానికి కాగితాలతో సహా అప్పజెబుతుంది, అక్కడ జెనీ లైసెన్సు చూపించి తీసుకుంటుంది.

మలంచా రోడ్డులో అలాంటి దుకాణం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కనే రోజూ బిస్కట్లు కొంటాను. ఆ దుకాణం యజమానిని అందరూ దాదా అంటారు, బెంగాలీలో అన్న అని. సన్నగా, కళ్లజోడుతో, లెక్కల మేష్టారులా ఉన్నాడు. ఆయన హిందీలో చెప్పిన ప్రతిదాన్నీ అత్త తవ్వి తవ్వి అడిగింది. బోల్టు ఎందుకు విడిగా తీయాలి? అది లేకపోతే రైఫిలు పేలదు కాబట్టి. తూటాలు అదే పెట్టెలో ఎందుకు పెట్టకూడదు? రెండూ ఒకే దొంగ చేతిలో పడకూడదు కాబట్టి. ఖాళీ రైఫిలే అని ఇంటి దగ్గర చూసుకున్నాక మళ్లీ ఇక్కడెందుకు చూడాలి? ఇంట్లో చూసింది ఇంటితో సరి, చెయ్యి మారిన ప్రతిసారీ చూడాల్సిందే. “మా వ్యాగన్ బ్రేకులకీ ఇదే రూలు” అని అత్త తృప్తిగా తలూపింది. నాకు ఆశ్చర్యమేసింది. ఆ దాదా విసుక్కోలేదు. ఎవరూ అడగని ప్రశ్నలు అడిగే మనిషి కోసం ఆయన ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాడో ఏమో.

రైఫిలు జెనీకి పంపుతున్నట్టు ఎరిక్ సారు పోలీస్ స్టేషన్‌కి రాసిచ్చారు. దాన్ని తరలించడానికి దాదా పై ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెప్పించాడు. దాని గడువు శనివారం. శనివారం ఉదయం రైలుకి తన మనిషే స్వయంగా తీసుకెళ్తాడని, గట్టి చెక్కపెట్టె, తాళంతో తెమ్మని చెప్పాడు. రైఫిలు పొడవుకి సరిపోయే పెట్టె ఆయన దగ్గర లేదు.

పెట్టె నేను చేశాను. రైఫిలు కదలకుండా స్పాంజి కోసి గాడి పెట్టాను, బోల్టుకి వేరే అర పెట్టాను. అత్త దానికి వ్యాగన్ ఎరుపు వేసి, మూత మీద తెల్ల ఎనామెల్‌తో రెండు రోజులు రాసింది. ‘రైఫిల్, ఒకటి. ఖాళీ బరువు ఆరు కిలోలు. కేజీపీ నుంచి విశాఖపట్నం. ఓనరు ఎరిక్.’ అడుగున అలవాటు కొద్దీ ‘రిటర్న్ కేజీపీ’. అంతా ఇంగ్లీషులో, స్టెన్సిల్ లేకుండా, చేతి కుంచెతో. ప్రతి అక్షరానికీ మూడు పూతలు వేసింది. ఎందుకత్తా అంటే, “ఆయనకి కళ్లు లేవు గదరా, ఏలికి తగలాల” అంది.

ఎరిక్ సారు ఒక్కో అక్షరం వేలితో తడిమి చదివారు. “జోగమ్మా, ఫస్ట్ క్లాస్” అన్నారు. అత్త మొహం చూడాలి, ప్రమోషనొచ్చినప్పుడు కూడా అలా వెలగలేదు.

గురువారం ఆటోలో ఆయన్ని, లైసెన్సుని, పెట్టెని తీసుకుని మలంచా వెళ్లాం. దాదా పెట్టె చూసి నోరు తెరిచాడు. అక్షరాలు బాగున్నందుకనుకున్నాం.

“దీదీ, ఇది పెట్టె కాదు, దండోరా. స్టేషన్లో వెయ్యిమంది చదువుతారు. అందులో దొంగ ఒక్కడు చాలడా? లోపలేముందో చెప్పాల్సింది కాగితం. అడిగే హక్కున్న అధికారికి అది చూపిస్తాం. పెట్టె మాత్రం నోరు మూసుకోవాలి. దీనితో నా మనిషిని పంపను” అన్నాడు.

ప్యాకింగ్ సూపర్‌వైజర్ని నేను. రోజుకి నాలుగువందల పెట్టెలు పంపుతాను. నాకీ సంగతి తట్టలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

దాదా రైఫిలు పరీక్షించి, నంబరు సరిచూసి, రసీదిచ్చి తన ఇనుప గదిలో పెట్టాడు. శుక్రవారం ఐదింటిలోగా రాత లేని పెట్టె తేవాలి. లేదంటే అనుమతి గడువు పోతుంది, కొత్త కాగితం వచ్చేలోగా నెల దాటుతుంది, రైఫిలు మాల్‌ఖానాకే.

తిరుగుదారిలో షేరాటో ఎక్కాం. ఆటోలో పక్కావిడ ఒళ్లో మూటుంది, అందులో ఏముందని అత్త అడగలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

శుక్రవారం నేను పనికి ఎగనామం పెట్టాను. పొద్దున్నే అత్త ఎమరీ కాగితం పట్టుకుని పెట్టె ముందు కూచుంది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. “నాను రాసినాను, నానే సెరిపీగల్ను” అంది. మూడు పూతలు కదా, ఒక పట్టాన వదల్లేదు. తెల్లపొడి చీర మీద, జుట్టు మీద పడింది. ఏడుస్తుందో, పొడి కళ్లలో పడిందో తెలియలేదు. ఏడుస్తుందనే అనుకున్నాను, నాకూ ఏడుపొచ్చింది. బయటంతా బూడిద రంగు వేసి ఎండలో పెట్టింది. ఏ రాతా లేని ఆ పెట్టె వంక కాసేపు చూసింది.

తర్వాత మూత తెరిచి, లోపలి వైపు కుంచె పెట్టింది.

“అత్తా, దాదా వద్దన్నాడు కదా!”

“బయట వద్దన్నాడు. తాళం ఏసినాక లోపల రాసింది దొంగకి కనబడదు. తాళం తీసే అర్హత జెనీకే గదా, ఆ పిల్ల సదువుకుంటాది” అంది. లోపల రెండే వరుసలు రాసింది. ‘ఎరిక్ నుంచి. జెనీకి.’ ఒక్కటే పూత.

మూడు దాటింది. ఎరిక్ సారు గోడ పట్టుకుంటూ వచ్చి అడిగారు. “సెరిపేసినావా?”

“సెరిపేసినాను సారూ. లోపల కొంచెం రాసినాను.”

ఆయన వంగి మూత లోపల వేళ్లు పెట్టారు. తడి ఆరలేదని అత్త చెప్పేలోగానే మొదటి వరుస దాటి, రెండోది దాటి, కింద ఖాళీ చెక్క మీద వెతుకుతున్నారు. అటూ ఇటూ తడిమారు.

“రిటర్న్ కేజీపీ రాయలేదా?”

అత్త కుంచె కింద పెట్టింది. “అది రాదు గదా సారూ.”

“హాఁ. రాదు” అన్నారు ఆయన. కాసేపు అక్కడే చెయ్యి ఉంచారు. తర్వాత వేలు పైకి జరిపి జెనీ పేరు దగ్గరికి వెళ్లి, చివరి అక్షరం మీద బొటనవేలు గట్టిగా ఆనించారు. తీసేసరికి తెల్లరంగులో గీతలతో సహా ముద్ర పడింది. ఆయనకి తెలియదు. తుడుద్దామని నేను గుడ్డ తీశాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నాలుగున్నరకి పెట్టె దుకాణంలో ఉంది. దాదా బయటంతా తిప్పి చూసి “బహుత్ అచ్ఛా” అన్నాడు. మూత తెరిచి లోపలి రాత చూసి తలూపాడు. ఆరీ ఆరని రంగు మీద పలచటి గుడ్డ కప్పి, మా ముందే రైఫిలు ఖాళీగా ఉందో లేదో మళ్లీ చూసి, గాడిలో పెట్టి, తాళం వేశాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఒకాయన కాళ్ల దగ్గర గోనెసంచీ కదులుతోంది. “ఇందులో ఏటున్నాది బాబూ?” అని అత్త అడిగింది. కోడిపుంజట. నా ప్రాణం కుదుటపడింది.

తొమ్మిదో రోజున జెనీ ఫోన్ చేసింది. దుకాణంలో సంతకం పెట్టి రైఫిలు తీసుకుందట. పెదనాన్నతో మాట్లాడాక అత్తని పిలవమంది. ఫోను స్పీకర్లో పెట్టాం.

“ఆంటీ, పెట్టె మూత లోపల నా పేరు మీద ఎవరిదో వేలిముద్ర పడింది. రంగు ఆరకముందు ఎవరో ముట్టుకున్నట్టున్నారు. తుడిచి మళ్లీ రాయించనా?”

ఎరిక్ సారు మొహం ఎత్తారు. తన కుడి బొటనవేలు తడుముకున్నారు. దాని గోరు పక్కన తెల్లరంగు ఇంకా కొంచెం మిగిలే ఉంది.

“తుడవకు తల్లీ. మీ పెదనాయన సంతకమది” అంది అత్త.