లాకప్ గోడ మీద నా పేరు

మలేసియాలో మా ఇపో ఊరి పాత కోర్టు కింద ఉన్న లాకప్ గదిని చరిత్ర స్థలం చేశారు. ఒకప్పుడు ఒక పెద్ద నాయకుణ్ణి అందులో పెట్టారట. ఈ రోజు ఒక్కణ్ణే వెళ్లి చూశాను. కుర్రతనంలో రబ్బరు ఎస్టేట్‌లో సమ్మె చేసినందుకు నేనూ, నా తోటి కూలీ అప్పన్నా అదే గదిలో మూడు రోజులు ఉన్నాం. అప్పన్న మేకుతో గోడ మీద తన పేరు గీసి, కింద నా చేత నా పేరు గీయించాడు. నేను రాసిన మొదటి అక్షరాలు అవే.

ఇప్పుడు వాటికి అద్దం బిగించారు. గది చూపించే అమ్మాయి మన తెలుగు పిల్లే. "తాతా, ఆ గీతలు నాయకుడు గీసినవి" అంది.

"నీ మొకం! ఆయనకి తెలుగొచ్చునేటి? పైన అప్పన్న, కింద సింహాచలం. నానే ఆ సింహాచలాన్ని."

"నిజవా? నాకు తెలుగు సదవడం రాదు. నువ్వొక్కడివే సెప్తే ఆఫీసులో నమ్మరు. అప్పన్న తాతని కూడా తీసుకురా."

అప్పన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. "సూద్దాం" అని వచ్చేశాను.

ఇపోలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఒకసారి నాతో రండి. కోర్టు కదా, ఒక్కడి సాక్ష్యం చాలదు.