ఆక్సిజన్ ప్రయోగం మీద మూడు ‘రిపీట్’లు

2022 డిసెంబరు. విజయవాడలో ఒక డిగ్రీ కళాశాల, రెండో అంతస్తులో కెమిస్ట్రీ విభాగం. నా పదవీ విరమణకు ఇంకా ఐదు నెలలున్నాయి. ముప్పై రెండేళ్లు పిపెట్లు, బ్యూరెట్ల మధ్య పాఠం చెప్పిన నాకు ఆ ఏడాది కొత్త ప్రయోగశాల ఒకటి అప్పగించారు. అందులో సింకు కూడా లేదు. వరసగా కంప్యూటర్లు, వాటిలో ఒక వెబ్‌సైటు, అంతే.

తెలియనివారి కోసం చెబుతాను. ఆ వెబ్‌సైటులో లాగిన్ అయితే పలకలాంటి ఖాళీ తెర వస్తుంది. దాని మీద మౌస్‌తో అణువు బొమ్మ గీయాలి. కింద నాలుగైదు గళ్లు నింపి ‘సబ్మిట్’ నొక్కితే లెక్క మా సర్వర్‌కు వెళ్లి క్యూలో నిలబడుతుంది. వంతు రాగానే ఆ అణువులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో సర్వర్ లెక్కగట్టి, మొత్తం శక్తిని ఒక సంఖ్యగా ఇస్తుంది. ఎలక్ట్రాన్లు ఏయే అంతస్తుల్లో జతగా ఉన్నాయో, ఎక్కడ ఒంటరిగా ఉన్నాయో బొమ్మ కూడా చూపిస్తుంది. ఫోనులో కూడా పనిచేస్తుంది కాబట్టి పిల్లలు ఇంటి దగ్గర నుంచే లెక్కలు పంపేవారు.

నేను పద్ధతి ప్రకారం పోయే మనిషిని. ఆ గళ్లు చూసి పిల్లలు తికమకపడకూడదని ప్రతి ప్రయోగానికీ ఒక స్టెప్ షీట్ తయారుచేశాను. ఏ గడిలో ఏం నింపాలో వరసగా రాసి, జిరాక్స్ తీయించి పంచాను. మొదటి ప్రయోగం నీటి అణువు. మూడోది ఆక్సిజన్.

మా దగ్గర ప్రాక్టికల్ రికార్డు ఎంత ముఖ్యమో సైన్సు చదివినవారికి చెప్పక్కర్లేదు. ప్రతి ప్రయోగం కింద లెక్చరర్ సంతకం ఉండాలి. అన్ని సంతకాలూ పడితేనే మొదటి పేజీలో విభాగం సీలు వేస్తారు. సీలు లేనివాళ్లను పరీక్షకు రానివ్వరు. పరీక్ష సోమవారం. సీలు వేయడానికి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు గడువు.

ఆ క్లాసులో ముప్పై ఎనిమిది మంది. ఆక్సిజన్ ప్రయోగంలో ముప్పై ఏడు మందికి ఒకే సంఖ్య వచ్చింది. నస్రీన్‌కు మాత్రం దశాంశ బిందువు తర్వాత రెండో అంకెలోనే తేడా. ఈ లెక్కల్లో అది చాలా పెద్ద తేడా. ఎర్ర సిరాతో ‘రిపీట్’ అని రాసి పుస్తకం వెనక్కిచ్చాను.

నస్రీన్ తండ్రికి వన్ టౌన్‌లో గుండీలు, దారాల హోల్‌సేల్ దుకాణం. నెమ్మదైన పిల్ల, మొదటి బెంచీలో కూర్చునేది. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే సంఖ్యతో వచ్చింది.

“సార్, ఆ గడిలో నేను...” అని ఏదో చెప్పబోయింది.

“ముందు షీట్ చూడమ్మా. షీట్‌లో ఉన్నట్టు చేస్తే అందరికొచ్చిందే నీకూ వస్తుంది,” అని రెండో ‘రిపీట్’ రాశాను. మంగళవారం మూడోది. అప్పటికి నాకు కొంచెం చిరాకు కూడా వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బల్ల మీద రికార్డులన్నీ దొంతరగా పేర్చి ఉన్నాయి. ల్యాబ్ అసిస్టెంట్ కోటయ్య సీలు, ఇంకుప్యాడు పట్టుకుని కూర్చున్నాడు. నస్రీన్, ఆమె స్నేహితురాలు లావణ్య గుమ్మం దగ్గర నిలబడ్డారు. లావణ్య కంకిపాడు నుంచి బస్సులో వచ్చే పిల్ల, నోరు కాస్త ఎక్కువ.

“మా నంబరు రాసేసుకోవే బాబూ అంటే వినదండీ,” అంది లావణ్య నాతో. “ఒక్క అంకె మారిస్తే అయిపోయేదానికి వారం నుంచి ఇదే గోల. ఏమే, సీలు పడకపోతే సోమవారం గేటు బయట నిలబడి నాకు టాటా చెబుతావా?”

“నాకు నమ్మకం లేని నంబరు ఎట్టా రాయనే?” అంది నస్రీన్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“సరే, నా ముందే చెయ్యి,” అన్నాను. “తప్పెక్కడో ఇప్పుడే తేలిపోతుంది.”

కంప్యూటరు ముందు కూర్చుంది. ఆక్సిజన్ గీసింది. ఛార్జి గడిలో సున్నా పెట్టింది. అంతవరకూ షీట్ ప్రకారమే చేసింది. తర్వాతి గడి మల్టిప్లిసిటీ. అణువులో జత కుదరని ఎలక్ట్రాన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి అక్కడ వేయాలి. నీటిలో అన్నీ జతలే, కాబట్టి ఒకటి. నస్రీన్ అక్కడ ఉన్న ఒకటి చెరిపి మూడు వేసింది.

“ఆగమ్మా. షీట్‌లో ఏముంది?”

“ఒకటి అని ఉంది సార్.”

“మరి మూడెందుకు వేశావు?”

ఆమె తల దించుకుంది. “మొదటిసారి ఒకటే వేశాను సార్. అందరికొచ్చిందే వచ్చింది. తర్వాత బొమ్మ చూస్తే ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉన్నాయి. కానీ మీరు క్లాసులో ఆక్సిజన్‌కి పై అంతస్తులో రెండు ఒంటరిగా ఉంటాయని చెప్పారు కదండీ. అందుకే అది అయస్కాంతానికి లొంగుతుందని కూడా చెప్పారు. రెండుకి ఒకటి కలిపితే మూడు కదా సార్.”

నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. ముప్పై రెండేళ్లుగా ప్రతి ఏడాదీ ఆక్సిజన్ బొమ్మను సుద్దముక్కతో బోర్డు మీద వేశాను. ఒంటరి ఎలక్ట్రాన్లకు గుర్తుగా వేసే ఆ రెండు బాణాల కింద గీత గీసి, పరీక్షలో తప్పకుండా వస్తుందని కూడా చెప్పాను. ఆ నెల మొదటి వారంలోనూ చెప్పాను. అదే చేత్తో షీట్‌లో ఒకటి అని రాశాను.

అయినా వెంటనే ఒప్పుకోలేదు. “రెండూ పంపుదాం,” అన్నాను. “ఒకటితో ఒకటి, మూడుతో ఒకటి. ఏది తక్కువ శక్తి చూపిస్తే ఆక్సిజన్ నిజంగా ఉండేది అలాగే.”

సబ్మిట్ నొక్కాం. క్యూలో మా ముందు తొమ్మిది లెక్కలున్నాయి. చివరి రోజు కదా, మూడు సెక్షన్ల వాళ్లూ ఒకేసారి పడ్డారు.

రెండున్నరకు ఆరు. మూడుకు నాలుగు.

“మాష్టారూ, నాలుగింటికి బీరువా తాళం వేసేస్తానండీ,” అన్నాడు కోటయ్య. “ఆక్సిజన్ కోసం ఇంతసేపు ఎదురుచూడటం ఆస్పత్రిలోనే చూశాను.”

నస్రీన్‌కు కూడా నవ్వొచ్చింది. “మా నాన్న కూడా అంతేనండీ. షాపులో కూర్చుని ఫోన్లో చేస్తుంటే, గాలికి ఇంత లెక్కేంటమ్మా, ఊరికే వచ్చేదేగా అన్నారు.”

మూడూ ఇరవైకి మొదటి లెక్క వచ్చింది. అది ఒకటితో చేసినది, అందరి సంఖ్యే. మరో పది నిమిషాలకు రెండోది వచ్చింది. నస్రీన్ సంఖ్య అంకె తేడా లేకుండా మళ్లీ తెర మీద కనిపించింది. మొదటిదానికంటే తక్కువే ఉంది. ఆమె లెక్కే ఒప్పు. మిగతా ముప్పై ఏడు మంది నా తప్పును శ్రద్ధగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేశారు.

రికార్డు తీసుకుని సంతకం చేశాను. పైన ఉన్న మూడు ‘రిపీట్’లనూ కొట్టేయబోతే నస్రీన్ చెయ్యి అడ్డుపెట్టింది. “ఉండనివ్వండి సార్. ఎగ్జామినర్ అడిగితే చెప్పడానికి ఉంటుంది.”

“నా పరువు తీస్తావా?” అన్నాను నవ్వుతూ.

“అయ్యో, లేదండీ! బోర్డు మీద చెప్పింది కూడా మీరే అని చెబుతాను.”

సీలు పడింది. నాలుగుకు ఇంకా పావుగంట ఉంది.

“మరి మిగతావి?” అన్నాడు కోటయ్య, దొంతర వైపు చూపించి. “సీలు వేసేసినవి కదండీ. మళ్లీ తీయమంటారా?”

“తీయాలి కోటయ్యా.”

శనివారం క్లాసంతా వచ్చింది. గొణిగారు, నిజమే. లావణ్య అయితే “నువ్వు తప్పు చేసినా బాగుండేదే,” అని నస్రీన్ నెత్తిన మొట్టింది. షీట్‌లో తప్పు నాదని క్లాసు ముందు చెప్పాను. ప్రతి ఒక్కరూ మూడుతో మళ్లీ లెక్క పంపి, రెండు సంఖ్యలూ పక్కపక్కనే రాసి, తేడా ఎందుకొచ్చిందో నాలుగు వాక్యాలు రాయాలన్నాను. ఆ రోజు సర్వర్ క్యూ నిండా ఆక్సిజనే. ఆ నాలుగు వాక్యాలు దిద్దుతుంటే నాకొకటి తెలిసింది. ఆ ఏడాది నేను పెట్టిన ప్రయోగాలన్నింటిలో పిల్లలకు నిజంగా అర్థమైంది అదొక్కటే.

సోమవారం బయటి ఎగ్జామినర్ నస్రీన్ రికార్డులో ఎర్ర సిరా చూసి ఏమిటిదని అడిగారట. ఆమె పది నిమిషాలు చెప్పింది, ఆయన విన్నారు. ఆ తర్వాత ఆమె ఎమ్మెస్సీలో చేరింది. ఇప్పుడు సెలవుల్లో మా పాత కళాశాలకు వచ్చి కొత్త పిల్లలకు ఇదే వెబ్‌సైటు నేర్పుతోంది. పంచేది నా స్టెప్ షీటే, చిన్న మార్పుతో. మల్టిప్లిసిటీ గడి ఎదురుగా అంకె ఉండదు, చుక్కల గీత ఉంటుంది.

అందరికీ ఒకే జవాబు వస్తే అది సరైనదేనని నేను ఎన్నో ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకంతో ఎన్ని రికార్డుల మీద ‘రిపీట్’ రాశానో, ఎంతమంది మారుమాట్లాడకుండా పక్కవాళ్ల అంకె వేసుకొచ్చారో ఇప్పుడు లెక్క తేలదు. అడిగిన ప్రశ్నకు యంత్రం తప్పకుండా జవాబిస్తుంది. ప్రశ్న సరిగా అడిగామా అని చూసే పని మాత్రం మనదే. ఎదుటివాళ్లు “సార్, ఆ గడిలో నేను...” అన్నప్పుడు వాక్యం పూర్తిచేయనివ్వడం కూడా మన పనే.

ఆ శుక్రవారం ఇంటికొచ్చాక పాత డైరీ తీసి, షీట్లు తయారుచేసిన రోజు పేజీ చూశాను. ఇలా రాసుకున్నాను: ‘నీటికి రాసిన షీట్‌లో అణువు పేరు మారిస్తే మిగతా ప్రయోగాలకూ సరిపోతుంది. ఒక మధ్యాహ్నం పని తప్పింది.’ ఆక్సిజన్ షీటు ఒకటి ఆ పేజీకి అతికించి, కింద తేదీ వేసి, ఎర్ర పెన్నుతో రాశాను: రిపీట్.